వెలుతురుకు పట్టిన పటం

మొన్న మా చెల్లెలి కూతురు కంకిపాడు అవతల కొన్న స్థలాన్ని ఫోనులో చూపించి, “పెద్దమ్మా, జన్మంతా మ్యాపుల ఆఫీసులోనే చేశావుగా, బాగుందో లేదో చెప్పు” అంది. తెల్లటి రోడ్లు, వరసగా గళ్ళు. బాగుందనే చెప్పాను. నా కళ్ళు మాత్రం ఆ గళ్ళ మధ్య ఒక సన్నని గీతను వెదికాయి. అది ఉండదని నాకు తెలుసు.

చిన్నతనంలో జబ్బు చేసి నేను బడికి పోలేదు. సర్వే ఆఫీసులో గ్రామ పటాలకు నకళ్ళు గీసే నాన్నగారే ఇంట్లో నాకు లెక్కలూ, స్తోత్రాలూ, నల్లసిరాతో చెయ్యి వణక్కుండా గీత లాగడమూ నేర్పారు. పాత పటంలో సన్నని గీత కనబడితే కాగితాన్ని కిటికీకి పట్టి చూడమనేవారు. మడతైతే అక్కడ కాగితం అరిగి వెలుతురు వస్తుంది, సిరా అయితే రాదు. ప్రైవేటుగా పరీక్షలు కట్టి ప్యాసయ్యాను. ఆయన పోయాక ఆఫీసులో ఆయన కుర్చీ నాకే ఇచ్చారు. భగవంతుడి దయ అనుకుని, రోజూ దానికి దణ్ణం పెట్టుకునే కూర్చునేదాన్ని.

తరవాత కంప్యూటర్లొచ్చాయి. పటాలను ఫొటోల్లా తీసి తెర మీదకు ఎక్కించేవారు, మేము ఆ గీతల వెంట మౌసుతో మళ్ళీ గీసేవాళ్ళం. తెర మీద మడతా సిరా ఒకే బూడిద రంగు. ఒక గ్రామ పటంలో అలాంటి గీతనొకదాన్ని మడత అనుకుని వదిలేశాను. బీరువాలోని అసలు కాగితం తీసి చూడటానికి నాలుగడుగులు వేస్తే సరిపోయేది.

రెండేళ్ళకు ఒక రైతు పామర్రు బస్సు పట్టుకుని వచ్చాడు. నేను వదిలేసింది ఆయన రెండెకరాలకు నీళ్ళు తెచ్చే పంటబోదె. పై పొలం కొన్నవాళ్ళు, పటంలో లేదు కదా అని పూడ్చేశారట. అసలు పటాన్ని కిటికీకి పట్టాను. ఆ గీత దగ్గర వెలుతురు రాలేదు.

తప్పు నాదేనని ఆయనతోనే చెప్పాను. ఆయన కేకలేస్తాడనుకున్నాను. “గీత పోతే నీళ్ళెందుకు ఆగుతాయిలే అనుకున్నానండీ,” అన్నాడు నెమ్మదిగా. “ఆగినయ్యమ్మా.”

తప్పు నాదేనన్న మాటే కాగితం మీద రాసి ఫైలు పెట్టాను. పై అధికారి చదివి, “రిటైర్మెంటు దగ్గర పెట్టుకుని మీకెందుకండీ ఇది?” అంటూనే సంతకం చేశారు, ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. సవరణ ఉత్తర్వు వచ్చింది, నా చేత్తోనే ఆ గీత గీశాను. కానీ అప్పటికే నీళ్ళులేని ఆ పొలాన్ని ఆ రైతు పై పొలం వాళ్ళకే అమ్మేసుకున్నాడు. ఆ రోజు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి దీపం పెట్టాను, అన్నం వండాను, తిన్నాను.

ఇప్పుడు అక్కడి పొలాలన్నీ ఇళ్ళస్థలాలైపోయాయి, చెల్లెలి కూతురి స్థలం ఆ రెండెకరాల్లోనే ఉంది. ఆ పిల్లకు చెప్పలేదు, దాని తప్పేముంది? అది కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళినప్పుడు, అలవాటు కొద్దీ ఫోనును ఎత్తి కిటికీ వైపు పట్టాను. ఇప్పటి పటాలకు వెలుగు వాటి లోపలి నుంచే వస్తుంది. వెనక ఎంత ఎండ కాసినా అవి ఇంకేమీ చెప్పవు. కాసేపు అలాగే పట్టుకుని, చెయ్యి నొప్పెడితే దించేశాను.