మూరెడు ఖాళీ

నా చిన్నప్పుడు నాకు తెలిసిన ప్రపంచమంతా సూరత్‌లోని ఉధనా పేటలో మగ్గాల మోతే. నాన్న పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మావాళ్లందరం ఒకే గల్లీలో ఉండేవాళ్లం. ఆ మోతలో పెరిగాం కాబట్టి అందరం గట్టిగానే మాట్లాడేవాళ్లం, నేను ఇంకా గట్టిగా. ఎవరేం చెప్పినా ఎందుకని అడగడం, జవాబు నచ్చకపోతే వాదించడం నాకు అప్పటికే అబ్బిన విద్య. అది ఇప్పటికీ పోలేదని మావారు అంటారు. పోవాలని ఎవరడిగారు?

మా బంధువుల్లో మగ్గం ముందు కూర్చోని మగవాడు ఒక్కడే. మా చిన్నమామ, అమ్మకు తమ్ముడు. స్కాలర్‌షిప్పు మీద హైదరాబాద్‌లో రాళ్ల చదువు చదివి, భూమిలో సీసం, జింకు ఎక్కడున్నాయో వెతికే సర్కారు ఉద్యోగంలో చేరాడు. నేను నాలుగో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో తమ్ముడు పుట్టాడు. అమ్మ లేవలేకుండా ఉందని మామ నన్ను తనతోపాటు గుజరాత్ ఉత్తరాన బనాస్‌కాంఠా కొండల్లోని క్యాంపుకు తీసుకుపోయాడు. నాలుగు గుడారాలు, ఒక జీపు, కొండవాలు మీద ఒక డ్రిల్లింగ్ మిషన్. మిషన్ ఆగినప్పుడల్లా ఆ నిశ్శబ్దానికి నాకు చెవులు నొప్పెట్టేవి.

ఆ మిషన్ గొట్టం చివర వజ్రపు పలుకులు పొదిగి ఉండేవి. అది గుండ్రంగా కోసుకుంటూ దిగితే, గొట్టం నడుమ రాయి కడ్డీలా మిగిలేది. దాన్ని కోర్ అంటారు. ఆ కడ్డీలను పైకి తీసి, కడిగి, అరలున్న చెక్కపెట్టెల్లో పేర్చేవారు. పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి. మధ్యమధ్యలో ఎంత లోతో రాసిన చెక్కముక్కలు. మామ పొద్దంతా ఆ పెట్టెల ముందు గొంతుక్కూర్చుని, రాతిమీద నీళ్లు చిలకరించి, భూతద్దం పెట్టి చూసి పుస్తకంలో రాసుకునేవాడు. తడిపితేనే రాయి తన అసలు రంగు చూపిస్తుందనేవాడు. సీసపు రాయిని గుర్తుపట్టడం నాకూ నేర్పాడు. బూడిదరంగులో తళతళలాడుతుంది, చిన్న ముక్కైనా చేతికి బరువుగా తగులుతుంది. జింకు రాయి మాత్రం తాటిబెల్లం ముక్కలా ఉండి, చూస్తే ఏమీ కాదనిపిస్తుంది. కొండమీద ఎప్పుడో ఎవరో తవ్వి వదిలేసిన పాత గుంటల దగ్గర ఏరిన సీసపు రాళ్ల బరువుకు నా గౌను జేబు కుట్లూడి వేలాడేది.

ఆ కొండలో ఖనిజం ఉందని రెండేళ్లుగా పట్టుబట్టి చెబుతున్నది మామ ఒక్కడే. మొదటి బోరులో సన్నటి చార కనిపించింది. తర్వాతి మూడింటిలో ఏమీ లేదు. ఇది ఐదోది. ఇందులోనూ కనబడకపోతే క్యాంపు ఎత్తేయమని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఎత్తేస్తే మామ మాట వట్టిపోతుంది, పదిహేను మంది కూలీలు ఇళ్లకు పోవాలి. వంటాయన దగ్గర ఇదంతా నేను కూపీ లాగాను.

సరిగ్గా ఖనిజం తగలాలని మామ లెక్కగట్టిన లోతులోనే రాయి పగుళ్లుబారి పిండిపిండిగా ఉంది. అలాంటిచోట కడ్డీ నిలవదు, నీళ్లతో కొట్టుకుపోతుంది. గొట్టం పైకి తీస్తే మూరెడు కోర్ లేదు. మిషన్ నడిపే ఫోర్‌మన్ కొత్తగూడెం వైపు మనిషి, పెద్దవాడు. తల పట్టుకుని బండమీద కూలబడ్డాడు. మామ మాత్రం పెట్టెలో ఆ మూరెడు చోటు అలాగే వదిలి, అక్కడొక చెక్కముక్క పెట్టి, గుడారంలోకి పోయాడు. ఆయన భుజాలు అంతగా వంగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు దారి తట్టింది. మామ పెట్టిన చెక్కముక్క తీసేసి, నా జేబులో ఉన్నవాటిలో మంచివి ఐదు రాళ్లు ఏరి, కడిగి, ఆ ఖాళీలో పేర్చాను. ఎంత ముచ్చటగా కుదిరాయో!

మర్నాడు పొద్దున్నే జీపులో పెద్దాఫీసరు దిగాడు. పెట్టెలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, అక్కడ ఆగి, ఒక రాయి చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూశాడు. పగుళ్లబారిన చోట కడ్డీకి బదులు ముక్కలే రావడం మామూలే కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. ఆయన మొహం వెలిగింది. శభాష్ అంటూ మామ భుజం తట్టాడు. ఫోర్‌మన్ నోరు తెరిచాడు, మూశాడు. మామ ఆ రాతిని చూసి, నా చిరిగిన జేబు వైపు ఒక్కసారి చూశాడు.

నోరు మెదపకుండా ఉంటే చాలు, ఆ రోజు మామ గెలిచేవాడే.

"సార్, ఇది ఈ బోరుది కాదు," అన్నాడు హిందీలో. రాయి తిప్పి, ఒకపక్క ఎండకూ వానకూ పట్టిన తెల్లటి పొర చూపించాడు. అంత లోతు నుంచి వచ్చిన రాయికి ఆ పొర ఉండదట. పెట్టెలకు బాధ్యత తనదే కాబట్టి తప్పూ తనదేనన్నాడు. నా పేరెత్తలేదు.

ఆఫీసరు మండిపడ్డాడు. ఒక పెట్టెలో దొంగరాయి దొరికాక మిగతా పెట్టెల్ని ఎట్లా నమ్మాలన్నాడు. ఐదు బోర్ల పెట్టెలన్నీ మళ్లీ కొలవాలన్నాడు.

ఆయన గుడారంలోకి పోగానే ఫోర్‌మన్ మామ మీద పడ్డాడు. "సప్పుడు జేయకుంట ఉంటే ఏం బోయేది సార్? పదిహేను మంది కడుపు నిండేది."

"ఇయ్యాల సప్పుడు జేయకుంటే రేపు గని తవ్వుతరు కాకా. తవ్వినంక రాయి మనకోసం అబద్ధమాడతదా?"

తర్వాత మామ నన్ను పెట్టె దగ్గరికి పిలిచాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా వాదించడానికి సిద్ధంగానే ఉన్నాను.

"మంచికే పెట్టిన మామా. ఖాళీ ఉంటే సార్ ఏం లేదనుకుంటడు గదా!"

"లేదని ఎవలన్నరే? తెల్వదన్నం. లేకపోవుడు వేరు, తెల్వకపోవుడు వేరు బిడ్డా." ఒక కొత్త చెక్కముక్క, పెన్సిలు నా చేతికిచ్చాడు. "ఏం బోయిందో మనకు తెల్వదు. ఎంత బోయిందో తెల్సు. తెల్సినంత రాయి."

టేపు పట్టి ఇద్దరం కొలిచాం. నలభై ఐదు సెంటీమీటర్లు. నా పిల్లరాతలో అదే రాశాను. మామ దాన్ని ఆ ఖాళీలో పెట్టాడు.

మూడు రోజులు ఎండలో ప్రతి కడ్డీ మళ్లీ కొలిచారు. టేపు చివర పట్టుకునే పని నాది. ఎక్కడా ఒక్క తేడా రాలేదు. మూడో రోజు ఆఫీసరు నా చెక్కముక్క దగ్గర ఆగి, దాన్ని చేతిలోకి తీసుకుని చదివాడు. ఆ రాత ఎవరిదో ఆయనకు తెలిసే ఉంటుంది, అడగలేదు. జవాబు రాని చోట మళ్లీ అడగాల్సిందేనంటూ, అక్కడికి పది అడుగుల దూరంలో ఇంకొక బోరు వేయడానికి అనుమతి రాసి వెళ్లాడు.

అందులో ఖనిజం తగిలింది. తాటిబెల్లం రంగు జింకు, నడుమ సీసం మెరుపు, అంతా కలిపి నా చిటికెనవేలు మందం. గని తవ్వడానికి చాలదు. ఉందన్న మామ మాట నిజమైంది, బోలెడంత ఉందన్న మాట తప్పింది. రెండూ ఒకే సిరాతో, ఒకే సైజు అక్షరాల్లో రాశాడాయన. వానలు పడేముందు క్యాంపు ఎత్తేశారు. ఓడిపోయి కూడా అంత నిబ్బరంగా పెట్టెలకు మేకులు కొట్టిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పెళ్లయ్యాక కూడా నేను సూరత్‌లోనే ఉండిపోయాను. మావారికి ఊరి అవతల హజీరాలో ఉద్యోగం, మాకు అడాజన్ పేటలో ఫ్లాటు. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, మా సొసైటీలో ఇళ్లలోనే ఉన్న రోగులకు పూటపూటా ఫోన్ చేసి, ఆక్సిజన్ ఎంతుందో పట్టికలో రాసి డాక్టరుకు పంపే పని నా నెత్తిన పడింది. ఒక సాయంత్రం ఐదో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలాయన, మేమంతా దాదా అని పిలిచే తాతగారు, ఫోన్ ఎత్తలేదు. సొసైటీ సెక్రటరీకేమో పట్టిక పంపేయాలని తొందర.

"బెన్, పొద్దున తొంభై ఐదుంది కదా, అదే రాసేయండి."

"దాదా ఊపిరి మీరు పీల్చి చూశారా భాయ్?" అని, గడి ఖాళీగా వదిలి, పక్కన ఫోన్ ఎత్తలేదని రాసి పంపాను. డాక్టరు ముందుగా అడిగింది ఆ గడి గురించే. మాస్కులు కట్టుకుని పోయి తలుపు బాదితే, దాదా కళ్లు నులుముకుంటూ వచ్చి, బంగారంలాంటి నిద్ర పాడుచేశామని గుజరాతీలో ఏకిపారేశాడు. నేనూ ఊరుకోలేదనుకోండి.

ఆ రోజుల్లో ఫోన్ నిండా ఎవరికి వారే పండితులు. ఏ కషాయం పనిచేస్తుందో, ఏ అల ఎప్పుడు వస్తుందో అందరికీ తెలుసు. నోరున్నదాన్ని, తెలిసినట్టు మాట్లాడి గెలవడం నాకు చాలా తేలిక. ఇప్పటికీ చాలాసార్లు గెలుస్తాను. కానీ నిజంగా తెలియని చోట, నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి, మా మామ భాషలోనే ఒక్క మాట అంటాను: తెల్వదు. నాలాంటిదానికి అంతకన్నా కష్టమైన మాట ఇంకొకటి లేదు.