మారిపోయిన వయొలిన్

ఆఫీసులో అతన్ని అందరూ భూతద్దం అనేవారు. బీమా కంపెనీలో సర్వేయరు. ఎక్కడ గోదాము తగలబడినా, లారీ బోల్తా పడినా, సరుకు తడిసినా ముందుగా వెళ్లి చూసి నివేదిక రాయాల్సింది అతనే. జేబులో ఎప్పుడూ ఒక చిన్న మడత భూతద్దం ఉండేది. ఆ పేరు దానివల్ల వచ్చిందే. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎవరేం చెప్పినా మొదటిసారే నమ్మడం మానేశాడు. ఇంట్లో పాలు విరిగినా ఎప్పుడు కాచావు, ఏ గిన్నెలో కాచావు అని ఆరా తీసేవాడు. "ఇది కేసు కాదండీ, పాలు" అనేది భార్య.

ఆ వారం కాలిపోయిన నూలు గోదాము చూడటానికి బయలుదేరాడు. దారిలో జంక్షన్లో బండి మారాలి. దిగింది ఉదయం పదింటికి. ఎక్కాల్సిన బండి మధ్యాహ్నం మూడున్నరకు. ముందురోజు అక్క ఫోన్ చేసి, "నువ్వు బండి మారే ఊళ్లోనేరా మీ వయొలిన్ మాస్టారు ఉంటున్నది. స్టేషన్ వెనక వీధిలో, లాండ్రీ పైన. ఎనభై దాటాయట. ఒకసారి కనబడి రా" అంది.

మాస్టారు ఒక నాటకశాల వాద్యబృందంలో ముప్పై ఆరేళ్లు వయొలిన్ వాయించిన మనిషి. సాయంత్రాలు నాటకాలు, ఉదయాలు పిల్లలకు పాఠాలు. భూతద్దం పదో ఏటి నుంచి పదమూడో ఏటి దాకా ఆయన దగ్గర నేర్చుకున్నాడు. ఒకరోజు మాస్టారు వయొలిన్ వాయించే కమాను రెండు ముక్కలై కనిపించింది. గదిలో చివరగా ఉన్నది ఇతనే. మాస్టారు ఏమీ అడగలేదు, తిట్టనూ లేదు. "రేపటి నుంచి రావద్దు" అన్నారు, అంతే. ఆ కమానును అతను ముట్టుకోనైనా లేదు. ఆ మాట చెప్పుకునే వీలు ముప్పై అయిదేళ్లుగా దొరకలేదు.

వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేక ప్లాట్‌ఫారం మీద రెండు టీలు తాగాడు. మూడోది చల్లారిపోతుంటే వదిలేసి లేచాడు.

లాండ్రీ పక్కనుంచి సన్నటి మెట్లు. ఇస్త్రీ ఆవిరి వాసన పైదాకా వస్తోంది. పైన తలుపుకి మూడు తాళాలు. మూడింటిలో రెండు కొత్తవి. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది: "బెల్లు కొట్టవద్దు. తలుపు గట్టిగా బాదండి." బెల్లు మాత్రం బాగానే ఉంది. దాని వైర్లు కూడా ఎవరూ పీకలేదు. ఇదేం ఇల్లురా బాబూ అనుకుంటూ తలుపు బాదాడు.

గొలుసు తియ్యకుండానే తలుపు బెత్తెడు తెరుచుకుంది. నలభై ఏళ్ల ఆవిడ తొంగి చూసింది.

"ఎవరు కావాలి?"

"మాస్టారి శిష్యుణ్ణమ్మా. చిన్నప్పుడు నేర్చుకున్నాను."

ఆవిడ అతన్నీ, చేతిలో సంచీనీ ఎగాదిగా చూసింది. "శిష్యులు ఈ మధ్య ఎవరూ రావడం లేదే" అంది. అయినా గొలుసు తీసింది. మాస్టారి కోడలు. భర్త పోయి ఆరేళ్లయింది. కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది, ఆ రోజు సెలవు. ఇవన్నీ ఆవిడ తనంతట తాను చెప్పలేదు. ఒక్కొక్కటీ అతనే అడిగి రాబట్టాడు.

లోపల గదిలో మాస్టారు కిటికీకి వీపు పెట్టి, తలుపుకి ఎదురుగా కూర్చున్నారు. మనిషి చిక్కిపోయారు గానీ కళ్లు అలాగే ఉన్నాయి. భూతద్దం తన పేరు చెప్పాడు, అప్పట్లో ఏ వీధిలో ఉండేవాళ్లో చెప్పాడు.

"ఆఁ, గుర్తొచ్చింది. కమాను విరగ్గొట్టినవాడివి."

"నేను కాదండీ."

"సర్లే, కూర్చో. సంచీ అక్కడ పెట్టు. అక్కడ కాదు, ఇంకా దూరంగా. ఇప్పుడేం చేస్తున్నావు?"

చెప్పాడు. మాస్టారు కుర్చీలో ముందుకు జరిగారు.

"అంటే దొంగల్ని పట్టుకుంటావన్నమాట."

"అలాంటిదేనండీ."

"సమయానికొచ్చావు. ఆ తలుపు వెయ్యి." మాస్టారు గొంతు తగ్గించానని అనుకున్నారు. ఆ మాట మాత్రం కింద లాండ్రీ దాకా వినబడే ఉంటుంది. మంచం కిందనుంచి పెట్టె లాగి, వయొలిన్ తీసి, అతని ఒళ్లో పెట్టారు. "చూడు. ఇది నాది కాదు. మార్చేశాడు."

"ఎవరండీ?"

"జిగురని అంటారు, ఎదుటి సందులో వాద్యాల రిపేరు కొట్టువాడు. నలభై ఏళ్ల స్నేహం. ఏడాదిన్నర కిందట తీగలు మార్చమని ఇచ్చాను. నా వయొలిన్ పై తీగ ముట్టుకుంటే చాలు, నాటకశాల చివరి వరస దాకా ఖంగున మోగేది. ఇది చూడు, చచ్చిన పాములా ఉంది. మనిషిని పెంచినట్టు పెంచుకున్నానురా దాన్ని. నాకు తెలియదా? నాది ఎవరికో అమ్మేసి, అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసి నా మొహాన కొట్టాడు. దొంగ వెధవ, మెడ దగ్గర గీత కూడా కాపీ కొట్టాడు."

"ఇంట్లో ఎవరికైనా చెప్పారా?"

మాస్టారు వంటగది వైపు చూసి పెదవి విరిచారు. "అది వాడితో కలిసిపోయింది. నా ఎదురుగా గొణుగుతుంది. ఫోన్లో అయితే అన్నీ గుసగుసలే. నాకు వినబడకూడదని."

సరిగ్గా అప్పుడే వంటగదిలో కెటిల్ ఈలవేయడం మొదలుపెట్టింది. చెవులు చిల్లులుపడేలా కూస్తోంది. "నీళ్లు పెట్టి ఎంతసేపైంది, ఇంకా కాగలేదా?" అని మాస్టారు ఆ కూతలోనే కేకేశారు. వెటకారం ఏమాత్రం తగ్గలేదు అనుకున్నాడు భూతద్దం.

అద్దం తీసి వయొలిన్‌ని అంగుళం అంగుళం చూశాడు. ఆ గీత కొత్తగా గీసింది కాదు, దాని లోపల ఏళ్లనాటి మురికి గట్టిపడి ఉంది. గడ్డం ఆనే చోట వార్నిష్ అరిగి చెక్క బయటపడింది. తీగల కింద నల్లచెక్క మీద వేళ్లు నొక్కీ నొక్కీ చిన్న గుంటలు పడ్డాయి. "ఒకసారి వేళ్లు ఆనించండి" అన్నాడు. మాస్టారి నాలుగు వేళ్లూ ఆ గుంటల్లో చెప్పుల్లో కాళ్లు దూరినట్టు కూర్చున్నాయి. దొంగపని చేసేవాడు గీత దించగలడు గానీ, ముప్పై ఆరేళ్ల అరుగుదల ఎక్కణ్ణుంచి తెస్తాడు?

అయినా తేల్చేయడానికి మనసొప్పలేదు. చెక్క అదే అయితే మోత ఎందుకు పోయింది? లోపల ఏదైనా తీసేసి ఉంటే? "నేను ఆ కొట్టుకి వెళ్లి చూసొస్తాను" అని లేచాడు.

టీ కప్పులతో వస్తున్న కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "అక్కడికెందుకండీ?" అంది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. భూతద్దానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇద్దరూ కలిసే చేశారు అని మనసులో రాసేసుకున్నాడు.

కొట్టు ముందు కొత్త గాజు తలుపు. దీనికి డబ్బెక్కడిదని అనుమానం ఇంకో మెట్టెక్కింది. లోపల జిగురు వాసన, రంపపు పొట్టు, గోడకి వేలాడుతున్న మెడలేని వయొలిన్లు. బల్ల వెనక భారీ మనిషి, డెబ్బై పైబడ్డవాడు, ఎవరిదో గిటారు పగులు అతుకుతున్నాడు.

భూతద్దం తనెవరో, ఎవరింటి నుంచి వస్తున్నాడో చెప్పాడు. ఆయన తలెత్తలేదు.

"దొంగతనం ఒప్పుకోమని పంపాడా?"

"వయొలిన్ అదే అని నాకు తెలుసు. లోపల ఏం మార్చారో చెప్పండి."

"ఏం మార్చలేదు."

"మరి పై తీగ మోత ఏమైంది?"

ఆయన బ్రష్షు కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. లేచి వెళ్లి గాజు తలుపు మూసి వచ్చాడు.

"తీగలు మార్చమని తెచ్చాడు. మార్చాను. వాయించి మొహం చిట్లించాడు. పై తీగ తీసి మళ్లీ వేశాను. మళ్లీ చిట్లించాడు. అలా మూడుసార్లయింది. నాలుగోసారి నేనే వాయించి చూశాను బాబూ. గాజుముక్కలా మోగుతోంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అతని వెనక నిలబడి, బల్లమీది చిన్న గంట వాయించాను. తల తిప్పలేదు. సుత్తి కింద పడేశాను. ఉలిక్కిపడ్డాడు."

భూతద్దం బల్లమీది ఆ గంట వైపు చూశాడు.

"సన్నటి, కీచు చప్పుళ్లు ఏవీ వినబడవు అతనికి. పిట్టలు వినబడవు, బెల్లు వినబడదు, కోడలి మాట సగం వినబడదు. గొణుగుతోంది అనుకుంటాడు. అదేమీ తెలియదు అతనికి, వయొలిన్ మారిపోయిందని మాత్రం తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఎట్లా చెప్పను? నన్ను దొంగ అంటే నాకు పోయేదేముంది? ఈ వీధిలో అందరూ నన్నెరుగుదురు. నీ చెవులు పోయాయిరా అంటే అతనికి మిగిలేదేముంది? ఆ పిల్లా నేనూ కలిసే నోరు మూసుకున్నాం."

చెప్పింది బాగానే ఉంది. మరీ బాగున్న కథల్ని నమ్మకూడదని ఉద్యోగం నేర్పింది. తిరిగి మెట్లెక్కితే కోడలు తలుపు తీసింది, మాస్టారు ఇప్పుడు వెలుగు కోసం కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన వెనగ్గా నిలబడి, ఫోన్‌లో అన్నిటికంటే సన్నటి రింగు మోగించాడు. మాస్టారు కదల్లేదు. శబ్దం పెంచాడు. గుమ్మంలో కోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది. మాస్టారు మాత్రం తీరిగ్గా వయొలిన్ తుడుచుకుంటూ, "ఎక్కడికి పోయాడు వీడు, ఇంకా రాలేదు?" అన్నారు.

అప్పుడు అతనికి ఎటూ పాలుపోలేదు. ఊరుకుంటే ఊరుకోవచ్చు, ఇంకో గంటలో బండి ఉంది. కానీ చెయ్యని తప్పు మోస్తూ బతకడం ఎలా ఉంటుందో తెలిసినవాడు. ఎదుటి కొట్టులో ఆ పెద్దాయన ఏడాదిన్నరగా దాన్ని మోస్తున్నాడు. ముందుకొచ్చి మాస్టారికి ఎదురుగా, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. తడబడుతూనే ఉన్నదున్నట్టు చెప్పాడు. చివరికి మోగుతున్న ఫోన్ చేతికిచ్చి చూపించాడు. తెర వెలుగుతోంది, చేతిలో అదురుతోంది.

మాస్టారు ఫోన్‌ని చెవికి ఆనించుకున్నారు. రెండో చెవికి ఆనించుకున్నారు. తర్వాత దాన్ని జాగ్రత్తగా స్టూలు మీద పెట్టారు.

"జిగురు నీకేం ముట్టజెప్పాడు?"

"మాస్టారూ..."

"వెళ్లు. సంచీ తీసుకుని వెళ్లు."

మెట్ల దాకా కోడలు వచ్చింది. కళ్లల్లో నీళ్ల కంటే కోపమే ఎక్కువగా ఉంది. "ఏడాదిన్నరగా మేమిద్దరం కాపాడుకొస్తున్నది ఒక్క పూటలో పగలగొట్టేశారు. మీకేం, బండెక్కి పోతారు. రేపు పొద్దున ఆయన మొహం చూడాల్సింది నేను" అంది. తలుపు మూసుకుంది. మూడు తాళాలూ ఒకదాని తర్వాత ఒకటి పడటం వినబడింది.

నూలు గోదాములో రెండు రోజుల పని నాలుగు రోజులు పట్టింది. మంట ఎక్కడ మొదలైందో మొదటిసారి తప్పు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. తర్వాత ఇంకో ఊరు, అక్కడ తడిసిన సిమెంటు. తిరుగుప్రయాణంలో నేరుగా ఇంటికి పోయే బండి ఉంది. అది వదిలేసి, పన్నెండో రోజు ఉదయం మళ్లీ ఆ జంక్షన్లోనే దిగాడు.

పైన ఇల్లు తాళం పెట్టి ఉంది. లాండ్రీ అతన్ని అడగడానికి నోరు రాలేదు. ఎదుటి సందులోకి దాదాపు పరుగెత్తాడు.

గాజు తలుపు అవతల ఇద్దరు ముసలాళ్లు పోట్లాడుకుంటున్నారు. మాస్టారు స్టూలు మీద కూర్చుని చేతులు తిప్పుతున్నారు. జిగురు బల్ల గుద్దుతున్నాడు. మూల కుర్చీలో కోడలు కూర్చుని ఉంది. అతన్ని చూసి, రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది.

జరిగింది కోడలే చెప్పింది. అతను వెళ్లాక రెండు రోజులు మాస్టారు అన్నం ముట్టలేదట. మూడో రోజు కెటిల్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారట. నీళ్లు మరిగి మూత ఎగిరెగిరి పడుతుంటే, దాని మూతి దగ్గర చెవి పెట్టి, ఆవిరి తగిలి కాలేదాకా విన్నారట. కాలిన చెవికి మందు రాయించుకుని, వయొలిన్ పెట్టె పట్టుకుని, ఒక్కరే మెట్లు దిగి వచ్చేశారు. క్షమించమని అడగలేదు. "ఎంత కింద దాకా దింపితే వినబడుతుందో చూడు" అన్నారట, అంతే.

అప్పటినుంచీ రోజూ ఇదే పని. జిగురు సన్న తీగలు తీసేసి లావు తీగలు వేశాడు. శ్రుతి కిందికి దించాడు. మోటు గొంతు, కానీ మాస్టారికి మూడు తీగలు నిండుగా వినబడుతున్నాయి. నాలుగోది, ఆ పై తీగ, ఇంకా అంచులో ఉంది, కొంచెం వినబడి కొంచెం జారిపోతోంది. జిగురు సరిగ్గా ఉందంటాడు, మాస్టారు నమ్మరు. పొద్దున్నుంచీ పోట్లాట దాని మీదే.

మాస్టారు అతన్ని చూశారు. పలకరింపు లేదు.

"నువ్వు విను. వీడు నన్ను మభ్యపెడుతున్నాడేమో చెప్పు."

నాలుగో తీగ మీద కమాను లాగారు. భూతద్దం కళ్లు మూసుకుని విన్నాడు. మూడేళ్ల పాఠాల్లో అతనికి మిగిలింది ఆ చెవి ఒక్కటే.

"వెంట్రుకవాసి తక్కువుందండీ."

జిగురు గుర్రుగా చూసి, బిరడా తిప్పాడు. మళ్లీ లాగారు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు సరిపోయింది."

మాస్టారు ముందు అతని మొహం చూశారు, తర్వాత జిగురు మొహం, ఆ తర్వాత కోడలి మొహం. ముగ్గురిలో ఎవరు అబద్ధమాడుతున్నారో పట్టేద్దామన్నట్టు ఒక్కొక్కరి దగ్గరా ఆగారు. ఏమీ దొరకలేదు కాబోలు, గడ్డం వాల్చి, వాయించడం మొదలుపెట్టారు.