బీరువా మీది డైరీ

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో నాకు షుగర్ పెరిగింది. గంటకోసారి కుర్చీలోంచి లేచి నడవకపోతే ఇన్సులిన్ తప్పదన్నాడు డాక్టర్. లేచిన ప్రతిసారీ టైము డైరీలో రాసుకోవాలనుకున్నాను. కానీ రాయడానికి వెంటనే మళ్ళీ కూర్చుని, అలాగే పనిలో పడిపోయేవాణ్ణి.

పక్క సీటులోని వరంగల్ మిత్రుడు అది కనిపెట్టాడు.

“ఏంది సార్, లేచినట్టు రాసుడేనా? వాక్ చేసేది ఏమన్నా ఉందా?”

నా డైరీ తీసుకెళ్ళి, హాలు చివర ఫైళ్ళ బీరువా మీద పెట్టాడు.

“రాయాలంటే ఇక్కడిదాంక రావాలె. నిలబడే రాయాలె.”

అప్పటినుంచి గంటగంటకూ ఇద్దరం కబుర్లాడుకుంటూ అక్కడిదాకా నడిచేవాళ్ళం. కొన్ని నెలలకు, ఇన్సులిన్ అక్కర్లేదన్నాడు డాక్టర్. రిటైరయ్యాక కూడా నడక మానలేదు. ఒంటరిగా నడుస్తుంటే మాత్రం ఆ హాలూ, అతని వెక్కిరింతలూ గుర్తొస్తాయి.