మంటల్లోంచి దూకేవాళ్లు

పర్చూరు బస్టాండులో ఎంతకీ బస్సు రాలేదు. కాలు ఒకచోట నిలవక, మామయ్య మద్రాసు నుంచి తెచ్చిన చేతి వీడియో గేమ్ తీశాను. తగలబడుతున్న మేడ మీద నుంచి మనుషులు దూకుతుంటే కింద వలతో పట్టుకోవాలి.

మిరపకాయల తొడిమలు తీసి వస్తున్న ఒకావిడ పక్కన కూర్చుని చూస్తోంది. "ఓసారి ఇస్తారా బాబూ?" అని, బొటనవేళ్లకు కొంగు చుట్టుకుంది. "చేతులకి కారం ఉంది. తర్వాత మీరు కళ్లు నలుపుకుంటే మండుద్ది."

ఊపిరి బిగబట్టి ఆడింది. ఒకడు కింద పడితే "అయ్యో నాయనా" అంది. ఇంతలో ఆమె బస్సు రావడంతో ఆట నా చేతిలో పెట్టి పరుగెత్తింది.

కిటికీలోంచి అడిగింది: "మేడ మీద మిగిలినోళ్లంతా దిగారా బాబూ?"

ఆ ఆటకు ముగింపు లేదు. వాళ్లు దూకుతూనే ఉంటారు. "దిగారు" అన్నాను.

ఇప్పటికీ ఏ ఆటనైనా మధ్యలో ఆపాలంటే నాకు చెయ్యి రాదు.