గుట్టలన్నీ దూదైతే

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దు పొడిచిందంటే ముందు వినిపించేది వింటినారి మోత. మేము దూదేకులవాళ్లం. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి పరుపు గట్టిపడినా మా తాతయ్యకు కబురొచ్చేది. ఆయన నిలువెత్తు విల్లును భుజాన వేసుకుని వెళ్లి, వాళ్ల వాకిట్లో కూర్చుని, కొయ్యతో నారిని కొడుతూ ఉండలు కట్టిన పాత దూదిని మళ్లీ మెత్తగా విప్పేవాడు. నేను తోకలా వెంట తిరిగేదాన్ని. నారి జుమ్మని మోగితే నా కాలు నిలిచేది కాదు. ఎగిరే దూదిలో గెంతి, ఒళ్లంతా తెల్లగా చేసుకుని వచ్చి అమ్మతో తిట్లు తినేదాన్ని.

మా ఊరి మసీదులో మౌల్వీసాబ్ పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేవారు. అరబ్బీలో గడగడా అప్పజెప్పేవాళ్లం గానీ అర్థం అడిగితే నోరు వెళ్లబెట్టేవాళ్లం. ఒక సాయంత్రం ఆయనకు ఏం తోచిందో, మేం కంఠతా పట్టిన ఒక చిన్న సూరాకు, అంటే ఖురాన్‌లోని అధ్యాయానికి, అర్థం చెప్పడం మొదలుపెట్టారు. ఖయామత్ నాడు, అంటే అల్లా అందరికీ తీర్పు చెప్పే దినాన, మనుషులు దీపం పురుగుల్లా చెల్లాచెదురవుతారట. గుట్టలు ఏకిన ఉన్నిలా అయిపోతాయట. అంతలో నమాజు వేళయింది. ఆయన అజా పిలుపు ఇవ్వడానికి లేచారు, మేం ఇళ్లకు పరుగెత్తాం.

ఇక చూడండి నా అవస్థ! మిగతా పిల్లలకు ఏకడమంటే ఏమిటో తెలియదు కాబట్టి వాళ్లు హాయిగా అన్నం తిని పడుకున్నారు. నాకు తెలుసే! ఉన్నైనా దూదైనా ఏకుడు ఏకుడే. రాయిలాంటి ముద్ద నారి తగలగానే ఏమవుతుందో రోజూ కళ్లారా చూసేదాన్ని. మా ఊరి దగ్గరి గగన్‌పహాడ్ గుట్టంతా అలా లేచిపోతుంటే, ఆ దుమారంలో పురుగులా కొట్టుకుపోతూ అమ్మను ఎక్కడని వెతకను? మర్నాటి నుంచి కడుపునొప్పి అని మసీదు చదువు ఎగ్గొడుతూ వచ్చాను. తాతయ్య విల్లు తీస్తే చాలు, చెవులు మూసుకుని వంటింట్లో దూరేదాన్ని. అమ్మ నుదురు పట్టి చూసింది, దిష్టి తీసింది. ఏమైందంటే నేను చెబితేనా! తన పని మీద నాకు రోత పుట్టిందనుకుని తాతయ్య మనసు చివుక్కుమంది.

కొన్నాళ్లకు సాతంరాయి నుంచి ఒక రైతు ఇంటివాళ్లు కబురు పంపారు. కూతురికి పురుడైంది, పరుపు ఏకాలి. "నువ్వు లేకుంటే నాకు తోచది బిడ్డా. ఏం ముట్టకు, ఊకె కూసో," అని తాతయ్య బతిమాలాడు. ఆయన అంతగా అడిగితే కాదనలేకపోయాను.

కానీ దారిలో ఏడుపు ఆగలేదు. గుట్టలు, పురుగులు, అమ్మ, అంతా కక్కేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. విల్లు దించి రోడ్డు పక్కన నా దగ్గర కూర్చున్నాడు.

"మౌల్వీసాబ్ చెప్పింది నిజమే. నాకు గూడ భయమే బిడ్డా. గని నువ్వు సగం ఇని ఉరికొచ్చినవ్. మిగతాది పని అయినంక చెప్త," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అప్పుడే చెప్పేస్తే ఆయన సొమ్మేం పోయింది?

"తాతా, జర మెత్తగ ఏకు. మా బిడ్డ పచ్చి బాలింత," అంది ఆ ఇంటి పెద్దమ్మ. పరుపు విప్పితే దూది గడ్డలు గడ్డలుగా రాలింది. తాతయ్య నారి మీటాడు. నేను చెవులు మూసుకుని వసారాలో ముడుచుకున్నాను. పక్కనే తొట్టెలలో పసివాడు. తల్లి లోపల పడుకుంది. కాసేపటికి గాలి మళ్లింది, దూది నూగు తొట్టెల మీదికి రాసాగింది. పసివాడు తుమ్మాడు. నేను చెవుల మీది చేతులు తీసి, దుపట్టా విప్పి తొట్టెలకు అడ్డం కట్టబోయాను. అది జారిపోతూనే ఉంది. ఇక ఒక చేత్తో దాన్ని ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో ఊపుతూ పొద్దు వాలేదాకా అలాగే నిలబడ్డాను. భుజాలు పీకాయి. వాడు మాత్రం మహారాజులా నిద్రపోయాడు.

తిరుగుదారిలో తాతయ్య నా జుట్టులో చిక్కుకున్న దూదిపింజ తీసి అరచేతిలో పెట్టాడు. "ఎంత బరువుంది?"

"ఏం లేదు."

"పొద్దున ఇదే రాయి లెక్క ఉండె. ఆ దినం గుట్టలు గూడ గింతే. ఇగ మిగతాది ఇను. అల్లా అప్పుడు మనిషి చేసిన మంచిని తక్కెడల పెడతడు. అది బరువు తూగినోళ్లకు సంతోషమైన బతుకు. తూగకుంటే అగ్గే. అదే సూరాల ఉంది, మా నాయిన చెప్పిండు."

నేను దారిలోనే ఆగిపోయాను. "నా తాన ఏం మంచి ఉంది తాతా?"

"పిచ్చిదానా! ఆ పసిపోరని మీద దూది పడకుంట దుపట్ట పట్టుకొని నిలబడ్డవ్ గద. ఎవలన్న చెప్పిన్రా నీకు? గగన్‌పహాడ్ గుట్ట ఎగిరిపోతది గని, అది ఎగరది."

అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నమంతా నారి మోగుతూనే ఉంది, నాకు భయమే వేయలేదు. తాతయ్య చెయ్యి పట్టుకుని ఇల్లు చేరేదాకా ఎగురుతూనే నడిచాను.

ఇప్పుడు దూది ఏకమని పిలిచేవాళ్లు లేరు. మా ఇంటి మీదుగా విమానాలు పోతుంటాయి, ఆ మోతకు గిన్నెలు కూడా గలగలమంటాయి. నాకు మాత్రం ఏ పెద్ద మోత విన్నా తాతయ్య నా చేతిలో పెట్టిన దూదిపింజే గుర్తొస్తుంది. గుండె కుదుటపడుతుంది. ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చేసిపెట్టాలనిపిస్తుంది.

చివరి రోజుల్లో ఆయన మంచం పట్టాడు. నీళ్లు తాగించడానికి లేపబోతే నా ఒక్క చెయ్యే సరిపోయింది. అంతటి మనిషి ఏకిన దూదిలా అయిపోయాడు. ఏడుపొచ్చింది గానీ దిగులు వేయలేదు. ఆయన బరువంతా ముందుగానే ఆ తక్కెడలోకి చేరిపోయిందని ఈ రోజుకీ నా నమ్మకం.