నాపరాతి రూటర్ బల్ల

ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు మా మామ పేరు చదివి, ప్రభువునందు నిద్రించారని చెప్పినప్పుడు నాకు అంత దుఃఖంలోనూ కాస్త కోపం వచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నాలు కోయిలకుంట్ల అంతా తలుపులు వేసుకుని పడుకుంటే, మా కొట్టంలో మాత్రం మామ చిత్రిక చప్పుడు వినిపించేది. కునుకంటేనే గిట్టని మనిషి. అలాంటివాడు ఒక ఉదయం మంచం మీద నుంచి లేవలేదు. లేపడానికి వెళ్లింది నేనే.

ఆయన నాకు మేనమామ, పెళ్లయ్యాక మామ కూడా. వడ్రంగి. నా భర్త మంగంపేట ముగ్గురాయి గనుల్లో పని చేస్తూ సెలవులకు వస్తుంటాడు కాబట్టి, కొట్టంలో మామకు తోడు నేనే. మొదట్లో పొట్టు ఊడ్చడానికి వెళ్లేదాన్ని. మెల్లగా కొలతలు గీయడం వచ్చింది, కోత వచ్చింది. తానే నేర్పానని మామ ఎవరితోనూ అనలేదు. నన్ను చూపించి, పని పాప చేతిలోనే ఉండాదని వచ్చినవాళ్లకు చెప్పేవాడు. అది పచ్చి అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మా చర్చి కిటికీ చట్రాలకు చెదలు పడితే కొత్తవి చేసిస్తానని ఆయన ఒప్పుకున్నాడు. కొయ్య కోయించి తెచ్చాక చేతులు వణకడం మొదలైంది. మందులు వాడినా తగ్గలేదు. గాజు కూర్చోవడానికి చట్రం లోపలి అంచున గాడి తీయాలి. రూటర్ మిషన్‌ను రెండు చేతులా పట్టుకుని కొయ్య మీద నడిపించే పని అది. ఆయన నడిపితే గాడి పాము పాకినట్టు వచ్చింది. ఆ పని ఇంకెవరికైనా అప్పజెప్పి ఇంటిపట్టున ఉండమన్నాడు నా భర్త. ప్రేమతోనే అన్నాడు. మామ మిషన్ మీద తుండుగుడ్డ కప్పి, కొట్టం గడప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. జొన్నరొట్టె తుంచి, తుంచినట్టే పళ్లెంలో వదిలేసేవాడు.

"నేను పట్టుకుంటే మిషన్ గూడా వణుకుతాండాది పాపా" అన్నాడొకసారి. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

మిషన్‌ను బల్ల కింద తలకిందులుగా బిగించి, గాడి కోసే బిట్టు మాత్రం పైకి కనబడేట్టు చేసుకుంటే, కొయ్యనే దాని మీదుగా నడపొచ్చని ఫోనులో చూసి చెప్పాను. అలాంటి బల్ల కొనే స్తోమత మాకు లేదు. ఉన్నవాటితో చేద్దామన్నాడు మామ, గడప మీద నుంచి లేస్తూ. కాళ్లకు పాత ఇనుప మంచం దొరికింది. కొయ్య ఆనుకుని తిన్నగా పోవడానికి ఎవరో తీసి పారేసిన కిటికీ అల్యూమినియం పట్టీ దొరికింది. పైన వేసిన ప్లైవుడ్ మాత్రం మా ఎండకు, మిషన్ బరువుకు నడుం వంచేసింది.

"మన నాపబండ యా ఎండకన్నా వంగిందా?" అన్నాడు మామ.

అంతే, పాలిష్ పట్టిన నల్లటి నాపబండ వచ్చింది. బండలు కోసేవాళ్ల దగ్గర మధ్యలో రంధ్రం వేయించాం, నలుగురి చేత ఎత్తించాం, కింద మిషన్ బిగించాం. తీరా చూస్తే బిట్టు బండ లోపలే ఉండిపోయింది, పైకి రాదు. ఇద్దరం వంగి ఆ రంధ్రంలోకి చూస్తూ నిలబడ్డాం. "మందం చూసుకుంటిమి గానీ బిట్టు పొడుగు చూసుకోకపోతిమి" అని మామ నవ్వడం మొదలుపెట్టాడు. వణుకు మొదలయ్యాక అంతగా నవ్వడం అదే.

దానికి విరుగుడు మా వంటింట్లో దొరికింది. చదునుగా ఉండే రొట్టెల పెనం తెచ్చి, అది పట్టేంత గుండ్రంగా బండను తొలిపించి, పైకి సమంగా ఉండేట్టు కూర్చోబెట్టాడు. పెనం మధ్య రంధ్రం వేసి, మిషన్‌ను దాని కిందే బిగిస్తే, అందులోంచి బిట్టు చక్కగా తల ఎత్తింది. మా అత్త కొట్టం గుమ్మంలో నిలబడి, "ఇంగ రొట్టెలు యాడ కాల్చల్ల, మీ బండ మీదనా?" అని అడిగింది. కొత్త పెనం వచ్చేదాకా మాకు సంగటే పెట్టింది.

స్విచ్చు మోకాలికి అందేచోట పెట్టాం, వేళ్లతో వెతుక్కునే పని లేకుండా. మోకాలు తగిలించే ముందు ప్రతిసారీ "వేళ్లు భద్రం ప్రభువా" అనేవాడు. అరచేతులు బిట్టు దరిదాపులకు పోకుండా పాత చిత్రిక పిడితో కొయ్యను అదిమేవాడు. నేను తొందరపడితే, "కొయ్యతో కొట్లాడొద్దు పాపా. తోయొద్దు, సాగనంపు" అనేవాడు. పని లేని మధ్యాహ్నాల్లో చల్లగా ఉంటుందని ఆ బండ మీద అరచేతులు ఆనించి ఊరికే నిలబడేవాడు. అలా ఆనించినప్పుడు అవి వణికేవి కావు. చర్చి చట్రాలు ఒక్కొక్కటే తయారై గోడకు చేరాయి. రొట్టె మళ్లీ పూర్తిగా తినడం మొదలుపెట్టాడు.

ఆఖరి చట్రం మిగిలుండగానే పోయాడు.

భూస్థాపన అయిన వారం నా భర్త, అది మనమే పూర్తి చేద్దామన్నాడు. మామ నిలబడే చోట తను నిలబడ్డాడు. నేను బల్లకు అవతల, ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాను. పొడుగు కొయ్యను ఇవతల ఒకరు నడిపితే, అవతల ఒకరు అందుకోవాలి. మామ నడిపేటప్పుడు, కొయ్య కొస నా వేళ్లకు అందగానే మొదట సన్నటి వణుకు తెలిసేది. మిషన్ అదురు వేరు, అది వేరు. ఆయన బలంగా అదిమేకొద్దీ అది నెమ్మదించి ఆగిపోయేది. ఇన్నాళ్లూ ఆ వణుకుతోనే ఆయన అవతల ఉన్నాడని నా చేతులకు తెలుస్తూ వచ్చింది.

ఆ రోజు కొయ్య బిట్టు దాటి నా వైపు వచ్చింది. కొస పట్టుకున్నాను. గాడి తిన్నగా పడింది. కొయ్య నిమ్మళంగా, కొంచెమైనా వణక్కుండా వస్తోంది. నా భర్త మిషన్ ఆపి, "అయిపాయ, ఇంగ వదులు" అన్నాడు. నేను ఆ కొసను రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.