అమ్మో మేడం మూతల్ని నమ్మదు

అమ్మో మేడంకి భయం వేయని వస్తువు ఆ ప్రయోగశాలలో ఒక్కటీ లేదు. కణాలు పెరిగితే "అమ్మో, పెరిగిపోతున్నాయి!" అనేది. పెరగకపోతే "అమ్మో, ఉలకవు పలకవు!" అనేది. కణాల్ని వెచ్చగా పెంచే బీరువా తలుపు తీసేముందు వేలితో రెండుసార్లు తట్టి, "వస్తున్నామండీ" అని మరీ తీసేది.

"చెప్పకుండా వెళ్తే ఏం మర్యాదే తల్లీ? లోపల ఎవరు ఏ అవస్థలో ఉన్నారో!"

ఈ మాట విన్న కొత్త పరిశోధకురాలికి అసలే చేతులు వణుకు. కణితిలోని కణాల్ని చీలండి చీలండి అని వెనకనుంచి తరిమే ప్రొటీన్ ఒకటుందని ఆమె అనుమానం. దాన్ని తగ్గిస్తే కణాలు నెమ్మదించాలి. మొదటిసారి నెమ్మదించాయి కూడా. "మళ్ళీ చేసి చూపించు. రాలేదా, ఈ పని కట్టిపెట్టేద్దాం" అన్నాడు పెద్దసారు. అప్పట్నుంచీ పిల్లకి ముద్ద దిగడం లేదు.

ప్రొటీన్‌ని తగ్గించే మందు వేసే రోజు ఆమె చెయ్యి గజగజలాడింది. పక్కన మేడం అంతకు రెట్టింపు వణికింది.

"అమ్మో, చుక్క పక్కన పడితే?"

"పడదు మేడం."

"కణాల పళ్ళెం జారితేనో?"

"నేను పట్టుకున్నాగా! మీరలా కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగండి."

ఆవిడకి ధైర్యం చెప్పే హడావుడిలో పని ఎప్పుడు పూర్తయిందో ఆమెకే తెలియలేదు. మూతల మీద గుర్తులు రాసింది. మేడం ఊరుకుందా? "మూతలు తిరుగుబోతులే! ఇవాళ ఒకరి నెత్తిన, రేపింకొకరి నెత్తిన" అంటూ పళ్ళేలెత్తి అడుగున కూడా కోడిగీతలు గీకింది.

పెద్దసారు చూడ్డానికొచ్చే పూట ఆమె సూక్ష్మదర్శినిలోకి తొంగి చూసి కొయ్యబారిపోయింది. ప్రొటీన్ తగ్గించిన పళ్ళెంలో కణాలు సంతలో జనంలా కిక్కిరిసున్నాయి. పోలిక కోసం మందు వేయకుండా ముట్టుకోని పళ్ళెంలో అక్కడొకటి, ఇక్కడొకటి.

"మేడం, అంతా తలకిందులైంది! నా పని అయిపోయింది!"

వరండాలో పెద్దసారి బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"అమ్మో! నిన్న పళ్ళేల్లో ద్రవం మార్చేటప్పుడు మూతలన్నీ తీసి ఒక్కచోటే పెట్టావుటే?"

"పెట్టాను..."

మేడం పళ్ళేలు ఎత్తి చూపించింది. కిక్కిరిసినదాని అడుగున "ముట్టుకోనివి" అని ఉంది. పలచనిదాని అడుగున "తగ్గించినవి". తారుమారైంది మూతలే!

పెద్దసారు అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. ఆ పళ్ళేల్లో కణాలు తీయించి ప్రొటీన్ కొలిపించాడు. పలచనిదాంట్లో నిజంగానే తగ్గింది. "ఊఁ, పని కానియ్యి" అన్నాడు. ఆయన నోట అది ఆశీర్వాదంతో సమానం.

ఆ సంబరం చెబుదామని సాయంత్రం పరుగున వెళ్తే మేడం ఒక్కతే ఉంది. రెండు చేతుల్లో పళ్ళేల దొంతర. మోచేత్తో బీరువా తలుపు తెరిచి, కూనిరాగం తీస్తూ అన్నీ సర్ది, మడమతో మూసేసింది. తట్టలేదు. వేలైనా వణకలేదు.

"మేడం! మీ భయం ఏమైంది?"

మేడం దొరికిపోయిన దొంగలా నవ్వింది. "ఎవరూ లేనప్పుడు ఎందుకే, దండగ!"

మర్నాడు ఇంకో కొత్తాయన చేరాడు. ఆయన చేతిలో పళ్ళెం టకటకా కొట్టుకుంటోంది. మన అమ్మాయి మేడం వైపు ఓ చూపు చూసి, బీరువా తలుపు మీద రెండుసార్లు తట్టింది.

"అమ్మో... వస్తున్నామండీ!"

"అమ్మో, మెల్లిగా తియ్యవే!" అంది వెనకనుంచి మేడం.

కొత్తాయన పళ్ళెం పక్కన పెట్టి, ఇద్దరికీ మంచినీళ్ళు తేవడానికి పరిగెత్తాడు.